క్యాంప్ 4లో ఆవకాయ సీసా

తెల్లవారుజామున నాలుగున్నర. అమెరికాలో, కాలిఫోర్నియా యోసెమిటీ లోయలో, బండలెక్కేవాళ్ళు టెంట్లు వేసుకునే క్యాంప్ 4. పైన్ చెట్ల కింద చిన్న చెక్క గది, దాని ముందు వరసగా మడత కుర్చీలు, కుర్చీల్లో స్లీపింగ్ బ్యాగులు మెడదాకా లాక్కుని కునికిపాట్లు పడే మనుషులు. రేంజరు వచ్చి కిటికీ తెరిచేది ఎనిమిదిన్నరకి. తిరుమల కంపార్టుమెంట్లలో గేటు ఎప్పుడు తీస్తారా అని కూర్చున్నవాళ్ళకి ఈ కూర్చోవడం కొత్తేం కాదు. తేడా ఒక్కటే, ఇక్కడ లడ్డూ లేదు. అప్పట్లో మనిషికి రాత్రికి 6 డాలర్లు కడితే, చదును చేసిన మట్టినేల మీద ఓ టెంటు వేసుకునేంత జాగా ఇచ్చేవాళ్ళు.

ఇప్పుడు సీజన్లో ఆ క్యూ లేదు, ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. సుఖమే, కాదనను. కానీ ఆ క్యూలో నాలుగు గంటలు పక్కపక్కన వణికితే క్లైంబింగ్ పార్ట్‌నర్ దొరికేవాడు, ఏ రూటు తడిగా ఉందో తెలిసేది, ఎవరి ఫ్లాస్కులో కాఫీ మిగిలిందో తెలిసేది. ఫోన్ తెరలో అవేవీ రావు.

క్యాంప్ 4 పద్ధతే వేరు. ఒక్కో సైట్లో ఆరుగురు. మీరు ఇద్దరే వెళ్ళినా మిగతా నలుగురూ ఎవరో వస్తారు. కొరియా కుర్రాళ్ళు కావచ్చు, స్పెయిన్ దంపతులు కావచ్చు. ఒకే బల్ల, ఒకే నెగడు గుంట, అవే ఇనప పెట్టెలు. మన పల్లెటూళ్ళ మండువా ఇళ్ళలో వాటాదారుల కాపురంలా, ఎవరి పొయ్యి వాళ్ళదే, అందరి వాసనలూ అందరివీ.

రాక్ క్లైంబింగ్ ట్రిప్ అనగానే ఫోటోల్లో కనబడేది బండకి వేలాడే మనిషి. పదిహేను రోజుల ట్రిప్పులో ఆ వేలాడటం రోజుకి నాలుగైదు గంటలు. మిగతాదంతా సంసారమే: నీళ్ళు మొయ్యడం, వండటం, గిన్నెలు కడగటం, తాడు చూసుకోవడం, వేళ్ళకి మందు రాసుకోవడం, దుమ్ము దులపడం. బండ మీద ఎంత ఘనంగా ఎక్కినా, ఈ సంసారం చెడితే ఐదో రోజుకి ట్రిప్ చతికిలబడుతుంది.

ఎన్ని రోజులుండచ్చన్నదానికీ లెక్కుంది. మే 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పార్కు మొత్తమ్మీద 14 రాత్రులు, అందులో లోయలో ఏడే. అందుకే లాంగ్ ట్రిప్పులు వేసేవాళ్ళు ఏప్రిల్లోనో, సెప్టెంబర్ సగం దాటాకో వచ్చేవాళ్ళు. ఏప్రిల్ అయితే రాత్రంతా యోసెమిటీ జలపాతం హోరు, తడి బండలు. శరదృతువైతే జలపాతం ఎండిపోయి నిశ్శబ్దం, పొడి బండ, పొట్టి పగళ్ళు. వంటకైనా బండకైనా రెండోదే మేలు.

టెంటు వేసేముందు చూడాల్సింది నీడ కాదు, పల్లం. వేలమంది తొక్కీ తొక్కీ ఆ నేల సిమెంటులా గట్టిపడిపోయింది, వానొస్తే నీళ్ళు ఇంకవు. ఏ మాత్రం గుంటగా ఉన్నచోట వేసినా అర్ధరాత్రి చాప కింద తడి తగులుతుంది. టెంటుతో వచ్చే సన్న అల్యూమినియం మేకులు ఆ నేలకి వంగిపోతాయి. ఎనిమిది అంగుళాల ఉక్కు మేకులు ఓ ఆరు హార్డ్‌వేర్ షాపులో కొనుక్కుంటే చాలు. కింద పరిచే పట్టా టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే పైన పడ్డ వానంతా దాని మీదుగా టెంటు కిందికే జారుతుంది.

ఇక ఎలుగుబంటి పెట్టె, అంటే ఎలుగులకి అందకుండా తిండి దాచుకునేది. ముదురు రంగు ఇనప పెట్టె, గొళ్ళెం చిన్న రేకు తొడుగు వెనకాల ఉంటుంది. మన వేళ్ళు దూరతాయి, ఎలుగు పంజా దూరదు. కొత్తగా వచ్చినవాళ్ళు తిండి ఒక్కటీ పెడితే సరిపోతుందనుకుంటారు. కాదు, వాసన ఉన్నదేదైనా అందులోకే: టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, లిప్‌బామ్, సబ్బు, కడిగిన కుక్కరు, ఇంగువ డబ్బా, దేవుడికి తెచ్చుకున్న అగరొత్తుల కట్ట కూడా. పగలైతే కారులో కనబడకుండా, అద్దాలు పూర్తిగా ఎక్కించి తిండి ఉంచుకోవచ్చు. చీకటి పడ్డాక మాత్రం ఏదీ ఉండకూడదు. అక్కడి ఎలుగులు ఎక్కువగా పగలగొట్టింది మినీవ్యాన్లనేనని 2009లో పరిశోధకులు లెక్క తేల్చారు. పిల్లలతో ప్రయాణాలు, సీట్ల సందుల్లో చిప్స్ ముక్కలు. మనవాళ్ళ ఇళ్ళ ముందుండే బళ్ళేవో తెలిసిందే కదా!

పెట్టె తెరిచి వంట చేసుకుంటూ ఓ నిమిషం నీళ్ళకి వెళ్ళొద్దామనుకుంటే, గొళ్ళెం వేసే వెళ్ళాలి. ఎలుగు సంగతి అలా ఉంచి, అసలు దొంగలు ఉడతలూ నీలిరంగు జే పిట్టలూను. బ్రెడ్డు కవరు చివర చిల్లుపెట్టి మధ్యలో ముక్క లాక్కుపోతాయి.

వంట దగ్గర కాస్త ఆగుదాం. లోయ ఎత్తు దాదాపు 4,000 అడుగులు. నీళ్ళు 100 డిగ్రీలకి కాదు, 96కే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే గ్యాసు అయిపోతుంది గానీ పప్పు మెదగదు. చుట్టుపక్కలవాళ్ళు ఓట్సు, రామెన్ నూడుల్స్, డబ్బా చిక్కుళ్ళతో లాగించేస్తుంటే మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు మోసుకెళ్ళడం చాదస్తంలా కనిపిస్తుంది. కాదు. ఇద్దరికి గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, ఉప్పు. మూడు కూతలు రానిచ్చి పొయ్యి కట్టేసి పది నిమిషాలు వదిలేస్తే అన్నీ కలిసిపోయిన పొంగలి. గ్యాసు సగం ఆదా, గిన్నె ఒక్కటే. మొదటి కూతకి మాత్రం చుట్టూ టెంట్లలోంచి తలలు బయటికొస్తాయి, ఏదో పేలిందేమోనని. మూడోరోజుకి ఆ కూత వినగానే పళ్ళేలతో వచ్చి నిలబడేవాళ్ళూ ఉంటారు.

పోపు ఇంటి దగ్గరే పెట్టుకెళ్ళాలి. నెయ్యిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేయించి చిన్న స్టీలు డబ్బాలో పోస్తే చల్లారి గడ్డకడుతుంది, ఒలకదు. రోజుకో చెంచా తీసి వేడి పొంగలిలో కలిపితే చాలు. ఉప్మాకీ అంతే: కిలో రవ్వ దోరగా వేయించి, పోపు కలిపి, జిప్ కవర్లలో రెండేసి గ్లాసుల చొప్పున పొట్లాలు కడితే, పొద్దున గ్లాసుకి రెండున్నర గ్లాసుల మరిగే నీళ్ళు పోసి మూతపెట్టడమే. టెంటు లోపల వండటం మాత్రం ఎంత చలైనా తప్పు. మంట అంటుకోవచ్చు, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. పైగా ఇంగువ వాసన ఆ గుడ్డకి పట్టిందంటే ఆ టెంటు ఇక ఎలుగులకి ఆహ్వానపత్రికే.

రెండు బర్నర్ల కోల్‌మన్ పొయ్యికి ఒక పౌండు ప్రొపేన్ సీసా, పూటకో వంట, రెండు టీలు చొప్పున మూడు రోజులొస్తుంది. బరువు తక్కువని చిన్న ఐసోబ్యూటేన్ డబ్బాలు తెచ్చుకుంటే అక్టోబరు చలికి పొద్దున్నే మంట దీపంలా మినుకుమినుకుమంటుంది. చల్లబడ్డ డబ్బాలో గ్యాసు ఒత్తిడి పడిపోతుంది మరి. వెలిగించే ముందు దాన్ని పావుగంట జాకెట్టు లోపల పెట్టుకోండి, కోడిగుడ్డు పొదిగినట్టు.

ఆవకాయ సీసా గురించి రెండు ముక్కలు. మొదటిది, గాజు సీసా వద్దు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో ముప్పాతిక వంతే నింపి, మూత కింద ఓ ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, రెండు జిప్ కవర్లలో పెట్టాలి. మైదానంలో గట్టిగా బిగించిన డబ్బా పైకొచ్చేసరికి లోపలి గాలి వ్యాకోచించి నూనెని బయటికి తోస్తుంది. ఆ నూనె తాడుకి అంటితే దుమ్ము పడుతుంది, ఉడతలు కొరుకుతాయి. ఉడత కొరికిన తాడు మాత్రం పారేయాల్సిందే. రెండోది, క్లైంబింగ్ మొదలైన మూడో రోజు నుంచి చేత్తో కలుపుకోవద్దు. వేళ్ళ చివర్లు రాతికి చెక్కుకుపోయి సన్నటి పగుళ్ళు పడి ఉంటాయి. ఆవకాయ ముద్ద కలపగానే ఆ కారం పగుళ్ళలోకి దిగి మోచేతిదాకా మండుతుంది. అలాంటి చేత్తో కాంటాక్ట్ లెన్సు ముట్టుకున్నవాళ్ళ గతి చెప్పక్కర్లేదు. చెంచా తెచ్చుకోండి. రుచి సగం పోతుంది, నిజమే.

ఈ చర్మం గొడవ హైదరాబాదు, హంపి బండల మీద తిరిగినవాళ్ళకి అర్థమవుతుంది గానీ, రకం వేరు. మన దక్కన్ రాయి దాదాపు 250 కోట్ల ఏళ్ళది, ఎండకీ వానకీ అరిగి గుండ్రటి గుట్టలైంది. దాని మీద గరుకు పలుకులు పట్టుకుని, చెప్పు రాపిడితో ఎక్కుతాం. యోసెమిటీ రాయి పది కోట్ల ఏళ్ళది, హిమానీనదాలు దోకి నున్నగా చేసి వదిలాయి. పట్టుకోడానికి ఏమీ ఉండదు, నిలువునా చీలిన పగుళ్ళు తప్ప. ఆ చీలికలో చెయ్యి దూర్చి, బొటనవేలు అరచేతిలోకి మడిచి కండ ఉబ్బించి ఇరికించాలి. బరువంతా ఆ ఇరుకు మీదే. భువనగిరి గుట్ట మీద నేర్చుకున్న పాదాల పని అక్కడ నూటికి ఇరవై పాళ్ళే అక్కరకొస్తుంది.

అందుకే టేపు. ఒకటిన్నర అంగుళాల అథ్లెటిక్ టేపు, రోలుకి రెండు మూడు జతలవుతాయి. చేతి వెనక వెంట్రుకలు గీసేయండి, నూనె లేకుండా కడిగి బాగా ఆరనివ్వండి. వేళ్ళ కణుపుల దగ్గర్నుంచి మణికట్టు వైపు అడ్డంగా నాలుగు పట్టీలు, ఒకదాని మీద ఒకటి సగం పడేలా. తర్వాత అర అంగుళం వెడల్పున చీల్చిన సన్న పట్టీలు చూపుడువేలు, చిటికెనవేలు మొదట్లో ఉంగరంలా తిప్పి కొసలు మణికట్టు దాకా లాగాలి. ఆఖర్న మణికట్టు చుట్టూ రెండు చుట్లు. అరచేతి మధ్యకి టేపు రాకూడదు, వస్తే రాయి తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇదంతా పిడికిలి బిగించి చుట్టాలి. చెయ్యి చాచి చుట్టి, బండ మీద మడిచేసరికి టేపు బిగుసుకుని వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇరవై అడుగుల ఎత్తున ఉండగా పళ్ళతో కొరుక్కోవాలి. సాయంత్రం మణికట్టు లోపలివైపు కత్తెరతో ఓ గీటు పెట్టి గ్లవ్‌లా ఊడదీస్తే, మర్నాడు అదే తొడిగి ఒక్క చుట్టు కొత్త టేపుతో మూడు నాలుగు రోజులు నడుస్తుంది. టెంటు లోపల తీగ మీద ఆ గ్లవ్‌లు వేలాడుతుంటే చూడ్డానికి బాగుండదు, వాసన అసలే బాగుండదు.

రాత్రి పడుకునే ముందు చాక్ పొడి పూర్తిగా కడుక్కోవాలి. అది తేమని పీల్చేస్తూనే ఉంటుంది. లేచిన పొలుసుల్ని కత్తిరించకుండా సన్న ఉప్పుకాగితంతో రుద్ది చదును చేసి, తేనెమైనం బామ్ రాసుకోవాలి. పొద్దున లేచాక మాత్రం రాయొద్దు, జారుతుంది. రెండు రోజులు ఎక్కి ఒకరోజు ఆగడం అందరూ చెప్పేదే, ఎవరూ పాటించనిదే.

సాయంత్రం ఆరయ్యేసరికి ప్రతి సైట్లోనూ ఒక టార్పాలిన్ పరుచుకునేది, దాని మీద సామాన్లు గలగలమంటూ పడేవి. వేలు దూరే సైజు నుంచి మూడు అంగుళాల దాకా కామ్‌లు (పగులులో పెట్టి వదిలితే విచ్చుకుని బిగుసుకునేవి) రెండేసి, నట్ల (పగులులో ఇరికించే లోహపు ముక్కల) సెట్టు ఒకటి, పొడుగు స్లింగులు (పట్టీ ఉచ్చులు) పది పన్నెండు. ఇంతే, మామూలు రూట్లకి ఇంకేం అక్కర్లేదు. ఇక్కడి దుమ్ము పిండిలా ఉంటుంది, జిప్పుల్లోకీ కామ్ ఇరుసుల్లోకీ దిగుతుంది. కామ్ ట్రిగ్గర్ వదిలితే టక్కున విచ్చుకోవాలి. బద్ధకంగా విచ్చుకుంటుంటే గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీడలో ఆరబెట్టి, మైనం రకం లూబ్రికెంటు వేయాలి. చేతిలో ఉంది కదా అని కొబ్బరినూనె వేస్తే రెండు రోజులు హాయిగా తిరుగుతుంది, మూడో రోజు దుమ్మంతా పట్టి మొండికేస్తుంది.

తాడుని మొత్తం వేళ్ళ మధ్యనుంచి జార్చి చూడాలి, కళ్ళతో కాదు. ఎక్కడైనా మెత్తగా, చప్పగా తగిలితే అక్కడ మడిచి చూడండి. గుండ్రంగా వంపు తిరగకుండా కాగితంలా మడత పడితే లోపలి పోగు దెబ్బతిన్నట్టే. ఎక్కువగా కొసల దగ్గరే పాడవుతుంది కాబట్టి కోసేస్తే సరిపోతుంది. కానీ కోసిన సంగతి జట్టులో ఇంకొకరికి చెప్పాలి, టేపు మీద పొడవు రాసి చుట్టాలి. 70 మీటర్ల తాడు రెండువైపులా కోస్తే 64 అయింది, మడిస్తే 32. రూటు పుస్తకంలో దిగడానికి 35 మీటర్లని ఉంటే మూడు మీటర్ల గాలి మిగులుతుంది. దిగే ప్రతిసారీ రెండు కొసలకీ ముళ్ళు వేసుకునే అలవాటు అందుకే.

కొత్తవాళ్ళని మొదట తీసుకెళ్ళేది మన్యూర్ పైల్ బట్రెస్ అనే బండకి. పేరుకి పెంటకుప్ప, ఎక్కడానికి వెన్నపూస. అక్కడి నట్‌క్రాకర్ రూటుని 1967లో పేరున్న క్లైంబర్ రాయల్ రాబిన్స్, భార్య లిజ్‌తో కలిసి రాతి పగులులో ఒక్క మేకు కూడా కొట్టకుండా నట్లతోనే ఎక్కాడు. మేకులు కొట్టి పీకితే రాయి ఎలా పాడవుతుందో సెరెనిటీ క్రాక్‌లో చూడచ్చు, పగులు పొడవునా గుంటలే. ఇప్పుడు ఆ గుంటల్లోనే వేళ్ళు పెట్టి ఎక్కుతున్నాం, అది వేరే సంగతి.

విశ్రాంతి రోజు పేరుకే విశ్రాంతి. కర్రీ విలేజ్‌లో డబ్బులు కట్టి వేన్నీళ్ళ స్నానం (ఆ కర్రీకీ మన కూరకీ సంబంధం లేదు, ఆశపడకండి), హౌస్‌కీపింగ్ క్యాంప్‌లో బట్టలు, ఊళ్ళో సరుకులు. తిరిగొచ్చి నోటీసుబోర్డు ముందు చేరేవాళ్ళం. పార్ట్‌నర్ కావాలి, రేపు ఉదయం, నా దగ్గర తాడుంది, కారు లేదు, ఫలానా సైట్లో ఎర్ర టెంటు. చిరుగుల కాగితాలు, మేకులకి గుచ్చి. ఆ రాతలు చదివి మనిషిని అంచనా కట్టడం ఒక విద్య. తానెంత కష్టమైనవి ఎక్కాడో పెద్ద అక్షరాలతో రాసినవాడికన్నా, ఎన్ని గంటలకి లేస్తాడో రాసినవాడు నయం. ఆదివారం పొద్దున క్లైంబింగ్ రేంజర్లు ఉచితంగా కాఫీ పోసేవాళ్ళు, కప్పు మనమే తెచ్చుకోవాలి.

అదే క్యాంపులో కొలంబియా బండ, దాని మీద చాక్‌తో గీసిన మెరుపు గుర్తు. 1978లో రాన్ కౌక్ మొదటిసారి ఎక్కిన మిడ్‌నైట్ లైట్నింగ్ అది. సాయంత్రాలు అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. ఇవాన్ షునార్డ్ కారు డిక్కీ తెరిచి తానే తయారుచేసిన క్లైంబింగ్ మేకులు అమ్మింది కూడా ఈ చెట్ల కిందే, తర్వాత ఆయన పెట్టిన బట్టల కంపెనీ పటగోనియా అప్పటికి లేదు. 1970లలో అధికారులు ఈ జాగాకి సన్నీసైడ్ అని పేరు మార్చారు, ఒక్కరూ పిలవలేదు. 1997 జనవరి వరదల తర్వాత పక్కనే ఉద్యోగుల ఇళ్ళు కడతామంటే పాతతరం క్లైంబర్ టామ్ ఫ్రాస్ట్ ముందు నిలబడి పోరాడాడు. 2003లో చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరింది. మట్టి నేల, ఇనప పెట్టెలు, మరుగుదొడ్లు తప్ప పెద్దగా ఏమీ లేనిచోటుకి ఆ గౌరవం!

ఎల్ కాపిటన్ అనే నిలువు బండగోడ ఎక్కడానికి వెళ్ళే జట్లు రెండు రోజుల ముందునుంచే తెలిసిపోయేవి. వాళ్ళ బల్లనిండా రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలే. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. ఇద్దరికి నాలుగు రోజులంటే 32 లీటర్లు, అంటే 32 కిలోలు, తిండీ పక్కా గాక. పాల డబ్బాలు పనికిరావు, మూలల్లో చిట్లుతాయి. సోడా సీసా గ్యాసు ఒత్తిడికి తయారైంది కాబట్టి గోడకి కొట్టుకున్నా నిలుస్తుంది. మెడకి ఉరితాడు బిగించి, ఒంటికి డక్ట్ టేపు రెండు చుట్లు చుట్టి, సంచిలో అడుగున పేర్చాలి. స్లీపింగ్ బ్యాగు మాత్రం విడిగా రెండు కవర్లలో. ఒక్క సీసా పగిలినా మూడు వేల అడుగుల గోడ మధ్యలో తడి పక్కే గతి. ఆ సంచిని ఇంగ్లీషువాళ్ళు పంది అంటారు. దాన్ని లాగినవాళ్ళకి ఆ పేరెందుకో వివరించక్కర్లేదు. మలమూత్రాల విషయానికొస్తే, మలం సంచుల్లో కట్టి తనతోపాటే దించి తేవాలి. పైనుంచి విసరడం నేరం, కిందున్నవాళ్ళ దృష్టిలో అంతకన్నా ఎక్కువ.

వాళ్ళు వెళ్ళిన రాత్రి మిగతావాళ్ళం ఎల్ కాపిటన్ ముందున్న మైదానానికి పోయి గడ్డిలో వెల్లకిలా పడుకునేవాళ్ళం. చీకట్లో గోడ కనబడదు. నడి ఆకాశంలో ఎక్కడో తలదీపం ఒకటి, కార్తీకమాసంలో ధ్వజస్తంభానికి ఎత్తిన ఆకాశదీపంలా. అది పక్కకి కదిలితే వంట, కదలకపోతే నిద్ర, కిందికీ పైకీ ఊగుతుంటే ఏదో చిక్కుపడింది.

ఖాళీ చేసే రోజు పనులు పొద్దున్నే మొదలవ్వాలి, మధ్యాహ్నంకల్లా జాగా ఇచ్చెయ్యాలి. మిగిలిన రవ్వ పొట్లం, సగం టేపు రోలు, సగం గ్యాసు సీసా పక్క సైటువాళ్ళకి. ఖాళీ ప్రొపేన్ సీసాలు చెత్తబుట్టలో వేయకూడదు, విడిగా ఇచ్చెయ్యాలి. పెట్టె అడుగున కారిన నూనె మరక సబ్బుతో తుడవాలి, లేకపోతే వచ్చేవాళ్ళ సామానుకి ఆవకాయ వాసన. టెంటు రాత్రి మంచుకి తడిసే ఉంటుంది. అలాగే చుట్టి కారులో పడేస్తే రెండు రోజుల్లో బూజు నల్ల చుక్కలు. తప్పక తడిగానే చుట్టాల్సివస్తే ఇంటికి రాగానే, స్నానం కూడా చెయ్యకముందే, విప్పి ఆరేయాలి.

సన్నీవేల్‌లోనో ఫ్రీమాంట్‌లోనో అపార్టుమెంటు బాల్కనీ రెయిలింగు మీద ఆ టెంటు వేలాడుతుంటుంది. రెయిలింగు మీద బట్టలు వేయకూడదని మేనేజ్‌మెంటువాళ్ళ మెయిల్ సోమవారానికల్లా వస్తుంది. కింద బాల్కనీ నేలంతా సన్నటి బూడిదరంగు దుమ్ము. కుక్కరు గ్యాస్కెట్టు తీసి కడుగుతుంటే గాడిలో ఓ పైన్ ఆకు సూది, పసుపు పట్టి.